నవ్వించు విద్యకు గురువు: చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు

మన కార్యాలయములలో హాస్యమునకు కొఱత గలదని నేను చెప్పజాలను. పై అధికారి యేదేని చమత్కారము పలికినచో, అది అర్థమైనను కాకున్నను అందఱమును నవ్వుదుము. మన క్రింద పనిచేయువారును మన మాటలకు ఆ విధముగనే నవ్వుచుందురు. ఆ నవ్వులను నమ్ముకొని సాయంకాలము ఇల్లు చేరి, ఆ చమత్కారమునే భోజనమువేళ వినిపించినచో పిల్లలు ఒకరి మొగము నొకరు చూచుకొందురు. ఇది నా స్వానుభవము. పదోన్నతితోపాటు గాంభీర్యము పెరుగునుగాని హాస్యము పెరుగదని నాకు ఆ పూట తెలిసివచ్చినది.

నవ్వించుట పుట్టుకతో రావలసినదేగాని నేర్చుకొనదగినది కాదని కొందఱి యభిప్రాయము. నాకట్లు తోచదు. చీకటిలో బ్రదుకుచు, తెలుగుదేశము నంతటిని నవ్వించిన కళాప్రపూర్ణ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి జీవితమును పరిశీలించినచో, హాస్యము వరము మాత్రమే కాదనియు, అది యొక సాధన యనియు విశదము కాగలదు.

వారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన గోదావరి మండలములోని ఖండవల్లి గ్రామమున జన్మించిరి. తలిదండ్రులు వెంకన్న, వెంకటరత్నమ్మ గారలు. చిన్ననాటనే వారికి రేచీకటి పట్టుకొన్నది. ప్రొద్దుక్రుంకిన పిదప దీపము ముందు కూర్చున్నను ఆ బాలునకు అక్షరము కనబడదు. పగలు చూచినదానిని, రాత్రి ఇతరులు చదువగా విన్నదానిని మనస్సున పదిలపరచుకొనుట తప్ప గత్యంతరము లేదు. లోపముగా వచ్చినది ధారణాశక్తిగా పరిణమించెను. మనుష్యుల మాటతీరును, విరుపులను, సాగదీతలను ఆ చెవులు విడువక పట్టుకొనెను. హాస్యమునకు ఇదియే మొదటి పాఠము. నవ్వింపగోరువాడు ముందుగా వినుట నేర్వవలెను.

ఉన్నత విద్యకై వారు రాజమహేంద్రవరము చేరినప్పుడు ఆ పట్టణము కందుకూరి వీరేశలింగము పంతులుగారి సంస్కరణోద్యమముతో మాఱుమ్రోగుచుండెను. 1889 ప్రాంతమున ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజమునకై వారు కీచకవధ మొదలగు నాటకములు వ్రాయ నారంభించిరి. నాయుడుగారి శిష్యుడగు ఒక పేద బాలుడు ఆ నాటకములలో స్త్రీవేషములు ధరించి మెప్పు పొందెను. ఆ బాలుడే టంగుటూరి ప్రకాశము. తరువాత వచ్చిన గయోపాఖ్యానము తెలుగునాట ఆడని యూరు లేదనిపించుకొని, లక్షకుపైగా ప్రతులు అమ్ముడుపోయినది. రంగస్థలము నిర్దాక్షిణ్యమైన పాఠశాల. అచ్చటి ప్రేక్షకునకు పదోన్నతి భయము లేదు. నవ్వు రానిచో నవ్వడు. మాట ఎచ్చట ముగించవలెనో, ఎచ్చట మౌనము వహింపవలెనో రచయితకు అచ్చట తెలిసినట్లు మఱియొకచోట తెలియదు.

నవలా రచనలోను వారు ఆరంభముననే పేరుగాంచిరి. చింతామణి పత్రిక పెట్టిన పోటీలో వారి రామచంద్రవిజయము బహుమానమందెను. అటుపిమ్మట హేమలత, అహల్యాబాయి మొదలగు నవలలు వెలువడెను. కాని ఆ కీర్తి పెరుగుచుండగనే చూపు తఱుగుచుండెను. నడివయస్సు రాకమునుపే అది పూర్తిగా పోయినది. కలము పట్టి జీవించువానికి ఇంతకంటె దుస్సహమైన దెబ్బ యేమున్నది? చదువుటకు ఒకరు, వ్రాయుటకు ఒకరు, వీధిలో నడచుటకు ఒకరు తోడు కావలసివచ్చిరి. అట్టి పరాధీనత యెంతవారినైనను కటువుగా మార్చును. లక్ష్మీనరసింహముగారు మాత్రము చెప్పి వ్రాయించుట అలవఱచుకొని, మనోరమ మాసపత్రికను, దేశమాత వారపత్రికను నడపిరి. హరిజన బాలుర విద్యకై 1909లో రామమోహన పాఠశాలను స్థాపించిరి.

వారి హాస్యమునకు గొప్ప వస్తువులు అక్కఱలేదు. పకోడీమీద వారు చెప్పిన పద్యములు నేటికిని తెలుగువారి విందులలో వినబడుచుండును. దేవతలను, మహారాజులను స్తుతించు ఛందస్సును నూనెలో వేగిన శనగపిండి ముద్దకు వినియోగించుటయే అందలి చమత్కారము. ఎదుటనున్న అల్పవస్తువును మిక్కిలి గౌరవముతో చూచుట రెండవ పాఠము. మన యిండ్లలోని కుంటి కుర్చీ, వేళకు రాని బస్సు, ముద్ర పడక మూడుమారులు తిరిగివచ్చిన కాగితము, ఇవి యన్నియు అట్టి గౌరవమునకై ఎదురుచూచుచున్నవి.

1920 ప్రాంతమున వచ్చిన గణపతి నవల వారి హాస్యమునకు శిఖరము. చదువు లేకున్నను గర్వమున కవధి లేని ఒక సోమరి కథ యది. ఆకాశవాణి దానిని నాటకముగా ప్రసారము చేసినప్పుడు ఇంటిల్లిపాదియు రేడియో ముందు చేరి నవ్విన తరము లున్నవి. ఆ పల్లెలను, ఆ పెండ్లిపందిళ్ళను రచయిత స్మృతిలోనుండియే చూచి చెప్పవలసివచ్చినదని తలచినచో ఆశ్చర్యము కలుగును. అందు వారు ఎగతాళి చేసినది పరాయివారిని కాదు. తాము పుట్టిన బ్రాహ్మణ సమాజములోని సోమరితనమును, డాంబికమును, పెండ్లిబేరములను. తనవారిని విడిచి ఇతరులను నవ్వులపాలు చేయుట సులభము. తన గడపనుండి ఆరంభించుటయే మూడవ పాఠము.

ఆ హాస్యమునకు అవసరమైనప్పుడు పదును గూడ కలదు. 1907లో బిపిన్ చంద్రపాల్ గారు రాజమహేంద్రవరమున ఉపన్యసించినప్పుడు లక్ష్మీనరసింహముగారు వాటిని తెనిగించి వినిపించిరి. ఆ సందర్భమున వారు ఆశువుగా చెప్పిన పద్యములో దేశము పాడియావుగను, ప్రజలు మూతి బిగింపబడిన లేగలుగను, పాలకులు పాలు పితుకు గొల్లలుగను కనబడిరి. పల్లెటూరివాడు నిత్యము చూచు పశువులశాలలో పరతంత్ర భారతము ఇమిడిపోయెను. ఆ పద్యము ఊరూర వ్యాపించినది. బలవంతుని యెదుట నిలిచిన హాస్యమునకు గల గౌరవము, బలహీనుని వెక్కిరించు హాస్యమునకు లేదు. మనము ఎవరిని చూచి నవ్వుచున్నామో ఒక్కమారు తరచి చూచుకొనుట మంచిది.

డెబ్బదియేండ్లు దాటిన పిదప వారు స్వీయచరిత్రమును గూడ జ్ఞాపకమునుండియే చెప్పి వ్రాయించిరి. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1946 ఏప్రిల్ 30వ తేదీన, ఒకప్పుడు వారి నాటకములలో ఆడువేషము కట్టిన ప్రకాశముగారు చెన్నరాష్ట్ర ప్రధానమంత్రి యైరి. ఆ తరువాత రెండు మాసములైనను నిండకమునుపే, జూన్ 17వ తేదీన లక్ష్మీనరసింహముగారు పరమపదించిరి.

ఈ చరిత్ర చదివిన పిమ్మట నాలో మార్పు వచ్చినదా యని మిత్రులు అడుగవచ్చును. ఒక దినము ఉదయపు తొందరలో నేను ఒక కాలికి నల్లజోడును, రెండవ కాలికి గోధుమవన్నె జోడును తొడిగి కార్యాలయమునకు పోయితిని. సాయంకాలమువఱకు పాదములను బల్లక్రిందనే దాచుకొంటిని. పూర్వమైనచో ఆ సంగతి నాతోనే సమసిపోయెడిది. ఆ రాత్రి మాత్రము భోజనమువేళ జరిగినదంతయు పూసగ్రుచ్చినట్లు చెప్పితిని. పిల్లలు పొలమారునంతగా నవ్విరి. మా యింటియామె మాత్రము నింపాదిగా మజ్జిగ వడ్డించుచు, తాను ఉదయముననే గమనించితిననియు, క్రొత్తగా ఏదేని సర్క్యులరు వచ్చినదేమో యని ఊరకుంటిననియు సెలవిచ్చినది. అప్పుడు నవ్వినవారిలో నేనే ముందుంటిని. ఆ యింట నవ్వించు విద్య మొదటినుండియు ఉన్నదనియు, వినుట మాత్రము నేను నేర్వలేదనియు గ్రహించితిని.