గిడుగు వెంకట రామమూర్తి: బోధన పద్ధతి నుండి భాషోద్యమానికి

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని తెలుగువారు వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా స్మరిస్తారు. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. ఆనాటి సభలలో గ్రాంథిక వ్యావహారిక వివాదమూ, పండితులతో వారు సాగించిన వాదప్రతివాదాలూ తప్పక ప్రస్తావనకు వస్తాయి. కాని పంతులుగారు ముప్పది సంవత్సరాలు పాఠశాలలోను కళాశాలలోను విద్యార్థుల ఎదుట నిలిచి పాఠం చెప్పిన ఉపాధ్యాయులన్న సంగతి అంతగా చర్చకు రాదు. భాషను గురించి వారు ప్రతిపాదించిన సిద్ధాంతాలకు బోధనానుభవమే పునాది అనీ, పిల్లవానికి చదువు రాకపోతే దోషం వాని బుద్ధిలో కాక బోధించే పద్ధతిలో వెదకాలన్న నిశ్చయమే వారి జీవితకృషికి మూలమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, ముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ప్రాథమిక విద్య స్వగ్రామంలోనే సాగింది. 1875లో తండ్రి విషజ్వరంతో మరణించడంతో బాల్యంలోనే కుటుంబానికి ఆధారం తప్పింది. బంధువుల ఆశ్రయంలో ఉంటూ విజయనగరంలోని మహారాజావారి పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. అక్కడ వారికి సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఈ స్నేహం తరువాతి కాలంలో తెలుగు విద్యావిధానాన్నే కదిలించిన సహోద్యమంగా పరిణమించింది.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతంపై చరిత్ర బోధించే ఉపాధ్యాయులుగా చేరారు. కళాశాలలో చేరి చదివే అవకాశం లేనందున ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్. ఏ., 1896లో బి. ఏ. పరీక్షలలో కృతార్థులయ్యారు. పాఠశాల కళాశాలగా మారిన పిమ్మట పై తరగతులకు కూడా చరిత్ర బోధించారు. ముఖలింగ దేవాలయంలోని శాసనాలను చదవాలన్న కోరికతో ప్రాచీన లిపులను గురువు లేకుండా స్వయంగా అభ్యసించారు. ఈ విధంగా పగలు బోధకులుగాను, రాత్రి విద్యార్థిగాను జీవించినందువల్ల, నేర్చుకునేవాని కష్టం వారికి పరోక్ష విషయం కాలేదు. ఆసక్తి ఉన్నచోట శ్రమ భారం కాదన్నది వారు తమయందే పరీక్షించి చూచుకున్న సత్యం.

వారి బోధనాదృష్టికి నిజమైన పరీక్ష సవరల విషయంలో జరిగింది. పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో నివసించే సవరల భాష ద్రావిడ భాష కాదు. ఆర్య భాష కూడా కాదు. అది ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలో ముండా శాఖకు చెందినది. అప్పటికి దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. పంతులుగారు సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక వ్యవహర్తను తమ యింటనే ఉంచుకొని, సంభాషణ ద్వారా ఆ భాషను నేర్చుకున్నారు. ఇక్కడ గమనించదగిన అంశం ఒకటి ఉంది. లిఖిత వ్యాకరణం లేని భాషను వ్యాకరణ సూత్రాలతో ప్రారంభించి నేర్చుకోవడం అసాధ్యం. విని, పలికి, సందర్భాన్ని బట్టి అర్థం గ్రహించి, ఆ పిమ్మట నియమాలను కనుగొనడమే అందుకు మార్గం. భాషకు ఉచ్చారణ ముందు, వ్రాత తరువాత అన్న సూత్రం ఈ అభ్యాసంలో వారికి అనుభవసిద్ధమైంది.

తాము నేర్చుకున్నంతతో వారు తృప్తి చెందలేదు. సవర పిల్లలకు చదువు అబ్బదన్న అపోహ ఆ రోజులలో బలంగా ఉండేది. ఆ పిల్లలకు తెలియని భాషలో పాఠం చెప్పి, వారు ఉత్తరం చెప్పలేకపోతే మందబుద్ధులని నిర్ణయించడం ఎంతటి అన్యాయమో పంతులుగారు గుర్తించారు. సవర భాషలో తెలుగు లిపితో పుస్తకాలు సిద్ధపరచి, సొంత ధనంతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తామే చెల్లించారు. సవర విద్యార్థులకు తమ యింట బస, భోజనం ఏర్పరచారు. కులాచారాలు మిక్కిలి కఠినంగా ఉన్న ఆ కాలంలో ఇది సామాన్యమైన సాహసం కాదు. తన మాట పుస్తకంలోకి ఎక్కిందని తెలిసిన పిల్లవానికి పుస్తకం పరాయి వస్తువు కాకుండా పోతుంది. చదువుపట్ల వైముఖ్యం తొలగడానికి అదే మొదటి మెట్టు. ఈ సేవకు మద్రాసు ప్రభుత్వం 1911లో పారితోషికం ఇవ్వజూపగా, దానిని స్వీకరించక, ఆ ద్రవ్యంతో సవరలకు పాఠశాల పెట్టవలసిందని కోరారు. 1913లో రావుబహదూర్ బిరుదం లభించింది. కొండలలో తిరిగినందుకు సంక్రమించిన మలేరియాకు వాడిన క్వినైను వల్ల వారి వినికిడి శక్తి క్రమంగా నశించింది. చెవితో భాషను పట్టవలసిన పరిశోధకునికి ఇంతకంటె పెద్ద నష్టం ఉండదు. అయినా ఆ కృషి ఆగలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు ఆంగ్లంలో వెలువడ్డాయి.

ఇక తెలుగు బోధన స్థితిని పరిశీలించాలి. ఆనాటి పాఠశాలలో తెలుగు పాఠమంటే పద్యాన్ని వల్లించడం, ప్రతిపదార్థం అప్పగించడం, వ్యాకరణ సూత్రాలను కంఠస్థం చేయడం. విద్యార్థి ఇంటిలో వస్తాడు, చేస్తున్నాడు అని పలుకుతాడు. బడిలో వచ్చును, చేయుచున్నాడు అని వ్రాయాలి. తాను పలకని అరసున్నను, తన చెవికి వేరుగా వినిపించని శకటరేఫను ఎక్కడ వ్రాయాలో, ఎక్కడ వ్రాయకూడదో జ్ఞాపకం ఉంచుకోవాలి. ఇంగ్లీషు, చరిత్ర, గణితం విషయంలో కష్టపడితే ఫలితం ఉంటుందన్న నమ్మకం విద్యార్థికి ఉండేది. తెలుగులో మాత్రం ఎంత చదివినా తప్పు దొర్లుతుందన్న భయమే మిగిలేది. ఆ భయం క్రమంగా నిర్లక్ష్యంగా మారి, విద్యావంతుడు మాతృభాషలో ఒక ఉత్తరం ధైర్యంగా వ్రాయలేని దుస్థితి ఏర్పడింది.

1906, 1907 సంవత్సరాల ప్రాంతంలో ఉత్తర మండలాల పాఠశాలలకు ఇన్స్పెక్టరుగా వచ్చిన జె. ఏ. యేట్స్ ఈ బోధనను చూచి అసంతృప్తి చెందారు. ప్రజల భాషకు, పుస్తకాల భాషకు ఇంతటి అంతరం ఎందుకని ప్రశ్నించారు. విశాఖపట్నంలోని ఏ. వి. ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆ ప్రశ్నను చేపట్టారు. ఐరోపాలో ఇటువంటి చర్చ అంతకు ముందే మొదలైంది. జర్మనీలో ఫియెటర్ 1882లోను, ఇంగ్లండులో హెన్రీ స్వీట్ 1899లోను, డెన్మార్కు పండితుడు యెస్పర్సన్ 1904లోను ప్రకటించిన రచనలు భాషాబోధనలో సజీవమైన వాడుకకు ప్రథమ స్థానం ఇచ్చాయి. అవి ప్రధానంగా పరభాషను బోధించడానికి ఉద్దేశించినవి. మాతృభాషనే పరభాషవలె బోధిస్తున్న తెలుగు దేశంలో ఆ సూత్రాలు మరింత తీవ్రంగా వర్తించాయి. పంతులుగారు వాటిని గ్రుడ్డిగా అనుసరించలేదు. సవర పాఠశాలల అనుభవంతో సరిచూచుకున్నారు.

ఈ ప్రయత్నాల ఫలితంగా 1912, 1913 ప్రాంతంలో స్కూలు ఫైనలు వ్యాసరచనలో విద్యార్థి ఇష్టమైన శైలిలో వ్రాయడానికి అనుమతి లభించింది. దీనిని పండితులు గట్టిగా ప్రతిఘటించారు. 1911లో మద్రాసులో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వాన గ్రాంథిక పక్షాన నిలిచింది. వారి వాదాన్ని తేలికగా త్రోసివేయరాదు. మండలానికొక విధంగా మారే వాడుకను అంగీకరిస్తే భాష చీలిపోతుందనీ, ప్రాచీన సాహిత్యంతో సంబంధం తెగిపోతుందనీ వారి ఆందోళన. పంతులుగారు 1913లో ప్రకటించిన ఆంగ్ల విజ్ఞాపన పత్రంలో దీనికి సమాధానం ఉంది. విద్యావంతుల వ్యవహారంలో అన్ని మండలాలవారికి అర్థమయ్యే శిష్టరూపం ఉన్నదని వారి వాదం. గ్రాంథిక వాదులు వ్రాసే వచనం వారు ప్రమాణంగా చెప్పే వ్యాకరణానికే విరుద్ధంగా ఉన్నదని ఉదాహరణలతో చూపారు. నిపుణులకే లొంగని నియమాన్ని బాలుని నెత్తిన పెట్టడం న్యాయం కాదన్నది అందులోని బోధనాంశం. వారు కావ్యపఠనానికి వ్యతిరేకులు కారు. తెలిసిన భాషలో చదవడం, వ్రాయడం నేర్చిన విద్యార్థి కావ్యాలను ప్రేమతో సమీపిస్తాడనీ, క్రమాన్ని తలక్రిందులు చేస్తే రెంటికీ చెడతాడనీ వారి అభిప్రాయం.

1914లో ప్రభుత్వ నిర్ణయం గ్రాంథికానికే అనుకూలమైంది. గురజాడ తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించి, 1915లో కీర్తిశేషులయ్యారు. పంతులుగారు మిగిలిన పోరాటాన్ని ప్రజల మధ్యకు తీసుకుపోయారు. 1919లో తెలుగు అనే పత్రికను నడిపారు. అదే సంవత్సరం కందుకూరి వీరేశలింగం పంతులుగారి అధ్యక్షతన రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. బాలకవి శరణ్యం, గద్య చింతామణి వంటి రచనలలో పూర్వకవుల ప్రయోగాలను సేకరించి తమ వాదానికి బలం చేకూర్చారు. 1924లో సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని సడలించింది. 1936లో పర్లాకిమిడి నూతన ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు, తమ జీవితంలో అధికభాగం గడచిన ఆ పట్టణాన్ని వదలి రాజమహేంద్రవరం చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. 1940 జనవరి 22న పరమపదించారు. కుమారులు సీతాపతిగారు ఆ భాషాకృషిని కొనసాగించారు.

ఇతర భారతీయ భాషలతో పోల్చినప్పుడు ఈ జీవితం విశిష్టత స్పష్టమవుతుంది. వంగభాషలో చలిత భాషకు ప్రమథ చౌధురి 1914లో స్థాపించిన సబుజ్ పత్ర ఆధారమైంది. అక్కడ మార్పు సాహిత్య పత్రికలో వికసించింది. తెలుగులో మాత్రం వివాదం వాచకంలోను, పరీక్షాపత్రంలోను పుట్టి సాహిత్యంలోకి వ్యాపించింది. కెనడాలో గార్డ్‌నర్, లాంబర్ట్ 1959 నుండి జరిపిన పరిశోధనలు, భాషాభ్యాసంలో సాధనకు సహజ సామర్థ్యంతో పాటు అభ్యాసకుని వైఖరి, ప్రేరణ కూడా స్వతంత్ర కారణాలని చూపాయి. పంతులుగారు కొలతలతో నిరూపించలేదు; కాని సమస్యను ఆ స్థానంలోనే గుర్తించారు.

అయితే వారి వాదంలోని ఒక పరిమితిని కూడా చెప్పవలసి ఉంది. వారు ప్రమాణంగా గ్రహించిన శిష్ట వ్యవహారం ప్రధానంగా కోస్తా మండలాల విద్యావంతులది. 1960ల చివరి నుండి అది పాఠ్యగ్రంథాలలో స్థిరపడింది. స్థిరపడిన పిమ్మట తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర గ్రామాల బాలురకు అదే మరొక గ్రాంథికమైన సందర్భాలు లేకపోలేదు. రూపాన్ని గైకొని పద్ధతిని విడిచినందువల్ల కలిగిన ఫలితమిది. పంతులుగారి అసలు వారసత్వం సవర పాఠశాలలో ఉంది: విద్యార్థి ఏ మాటతో వస్తాడో, ఉపాధ్యాయుడు అక్కడ నుండి ప్రారంభించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతాన సవరతో సహా కొన్ని గిరిజన భాషలలో ప్రారంభించిన బహుభాషా విద్యాకార్యక్రమం, వారు శతాబ్దం క్రిందట ఒంటరిగా చేసిన పనికి ప్రభుత్వ స్థాయిలో జరిగిన పునఃప్రారంభమే.

ఈ ప్రశ్న తెలుగు దేశానికే పరిమితం కాదు. ఈ వ్యాసకర్త బోధించే ఢిల్లీలో దాని ప్రత్యక్షరూపం కటవారియా సరాయ్‌లో కనిపిస్తుంది. కుతుబ్ ప్రాంతపు విద్యాసంస్థలకు, జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చేరువలో ఉన్న ఈ పేట అద్దె గదులలో పోటీ పరీక్షలకు చదివే యువకులు వేలాదిగా నివసిస్తారు. సివిల్ సర్వీసుల పరీక్షకు తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికంగా తీసుకునేవారు వారిలో ఉన్నారు. జిరాక్సు నోట్సును వల్లించి, మూలకావ్యాన్ని తెరవకుండానే పరీక్షకు సిద్ధమయ్యే అలవాటు ప్రబలంగా ఉంది. పద్ధతి వల్లె వేయడమైతే, మార్కులు వచ్చినా సాహిత్యాభిరుచి రాదు. పరీక్ష ముగిసిన మరునాడే పుస్తకం మూలపడుతుంది. ఇంటిలో తెలుగు మాట్లాడుతూ లిపి ఎరుగని ప్రవాసాంధ్ర విద్యార్థుల సమస్య వేరు. వారిని అక్షరమాలతో, వ్యాకరణంతో ప్రారంభిస్తే తమకు తెలుగు రాదన్న భావం మొదటి నెలలోనే స్థిరపడుతుంది. వారు ఇంటిలో పలికే వాక్యాలనే మొదటి పాఠంగా వ్రాయిస్తే, తమకు వచ్చిన భాషనే చదువుతున్నామన్న ధైర్యం కలుగుతుంది. ఆ ధైర్యం ఉన్నవాడే రెండవ సంవత్సరంలో పద్యం అడుగుతాడు.

అటువంటి కేంద్ర సంస్థల తెలుగు శాఖలు చేయదగిన పని ఒకటి ఉంది. ప్రవేశ తరగతిలో ప్రతి విద్యార్థి ఇంటిభాషను నమోదు చేసి, రెండు పద్ధతులలో బోధించి, సంవత్సరాంతాన సాధనతో పాటు భాషపట్ల వైఖరిని కూడా పరిశీలించవచ్చును. తమిళ, వంగ, ఒడియా శాఖలు తోడ్పడితే ఫలితాలను తులనాత్మకంగా చర్చించడానికి వీలవుతుంది. పంతులుగారు అనుభవంతో గ్రహించి, కొలతలకు అందించలేకపోయిన విషయానికి ఆ పరిశోధన ఆధారం చేకూరుస్తుంది.