పాటలో దాగిన పేరు: ముత్తుస్వామి దీక్షితుల జీవితం

కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులవారి పేరు వినని సంగీతాభిమాని ఉండడు. అయితే ఆయన తన కృతులలో మామూలు మాటల నడుమ మరొక సమాచారాన్ని దాచి ఉంచిన సంగతి మన పల్లెలలో చాలమందికి తెలియదు. అవినాశి, కోయంబత్తూరు, మధుర ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఆ మహనీయుని చరిత్రతో దగ్గరి సంబంధం ఉన్నది. ఆయన తుదిశ్వాస విడిచినది తెలుగు మాతృభాషగా గల పాలెగార్ల సంస్థానంలో. ఆయన కృతులు స్వరసహితంగా పెద్ద సంఖ్యలో అచ్చయినది తెలుగు లిపిలో.

దీక్షితులవారు 1775లో తిరువారూరులో జన్మించారు. తండ్రి రామస్వామి దీక్షితులు గొప్ప వాగ్గేయకారుడు. హంసధ్వని రాగాన్ని లోకానికి అందించినది ఆయనేనని ప్రసిద్ధి. చాలకాలం సంతానం లేక, వైదీశ్వరన్ కోవెలలోని ముత్తుకుమారస్వామిని సేవించిన పిమ్మట కలిగిన బిడ్డ గనుక కుమారునికి ఆ స్వామి పేరే పెట్టుకొన్నారు. చిన్నస్వామి, బాలుస్వామి ఆయన తమ్ములు.

రామస్వామి దీక్షితులు తెలుగులో నూట ఎనిమిది రాగాలతో ఒక రాగతాళమాలికను రచించారు. వారి విద్య వేంకటమఖి సంప్రదాయానికి చెందినది. ఆ సంప్రదాయంలో మేళకర్త రాగం పేరులోనే దాని సంఖ్య ఇమిడి ఉంటుంది. కటపయాది లెక్కలో ఒక్కొక్క హల్లుకు ఒక అంకె. మాయామాళవగౌళలో ‘మా’కు 5, ‘య’కు 1. వాటిని తిరుగవేస్తే 15. అది పదునైదవ మేళమని పేరే చెబుతున్నది. వినేవారికి అది కేవలం పేరు. లెక్క తెలిసినవారికి చిరునామా. ముత్తుస్వామి ఇటువంటి విద్య నడుమ పెరిగారు.

మదరాసు దాపున ఉన్న మణలి జమీందార్ల ఆహ్వానంపై ఆ కుటుంబం కొంతకాలం అక్కడ నివసించింది. కోటలో ఇంగ్లీషువారి బ్యాండు వాయించే మెట్లను విని, యువకుడైన ముత్తుస్వామి వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. అనంతరం చిదంబరనాథ యోగి ఆయనను తన వెంట కాశీకి తీసుకొనిపోయారు. కొన్నేళ్లు గురుసేవ చేసి, వీణతో తిరిగి వచ్చిన ముత్తుస్వామి తిరుత్తణిలో తొలి కృతిని మాయామాళవగౌళ రాగంలోనే రచించారని సంప్రదాయం. నాటినుండి ‘గురుగుహ’ అనే ముద్ర ఆయన సంతకమైనది.

ఆ సంతకం అందరికీ కనిపించేదే. దానితోపాటు ఆయన పలు కృతులలో రాగం పేరును కూడ సాహిత్యంలో నేర్పుగా పొదిగారు. దీనిని రాగముద్ర అంటారు. మన ఇంటి మాటలతో చెప్పుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. తోడికోడలు అన్నప్పుడు అందులో తోడి రాగం ఉన్నదని ఎవరూ తలచరు. ఇంకా నడవాలి అన్నప్పుడు మొదటి మాట చివర, రెండవ మాట మొదలు కలిసి కానడ అవుతుంది. దీక్షితులవారి సాహిత్యంలో కూడ రాగం పేరు ఒకచోట నేరుగా, మరొకచోట రెండు పదాల సంధిలో కనిపిస్తుంది. భావం ఎక్కడా చెడదు, భక్తి ఎక్కడా తగ్గదు.

ఇటువంటి విద్యలు ఇతర దేశాలలోనూ ఉన్నాయి. జర్మనీకి చెందిన ట్రిథేమియస్ అనే మఠాధిపతి సుమారు 1499లో మాటలలో మాటలు దాచే విధానాలపై ఒక గ్రంథం రచించగా, అది 1606లో అచ్చయినది. నేడు కంప్యూటరులోని మామూలు పాఠంలో కూడ పంక్తుల చివర కంటికి కనబడని ఖాళీలను చేర్చి రహస్యం పంపవచ్చును. అయితే అటువంటి రహస్యం ఒక్కరికోసం దాచేది. దీక్షితులవారు దాచినది, నేర్చుకొని వచ్చే ప్రతివారికోసం.

దాని ప్రయోజనం కాలక్రమంలో తేలినది. మధుర మీనాక్షీ అమ్మవారిపై ఆయన రచించిన ‘మీనాక్షి మే ముదం దేహి’ కృతిని నేడు పలువురు పూర్వికల్యాణి రాగమని చెప్పి పాడుతున్నారు. కాని దశవిధ గమకాలను ప్రస్తావించే చోట ‘గమకక్రియ’ అనే మాట సాహిత్యంలో ఉన్నది. దీక్షితుల సంప్రదాయంలో ఆ రాగం పేరు అదే. నోటినుండి నోటికి పాట సాగినప్పుడు పేరు మారవచ్చును. పాట లోపలి సాక్ష్యం మాత్రం మారలేదు.

ఇల్లు విడిచి వెళ్లిన తమ్ములను వెదుకుతూ దీక్షితులవారు మధురకు చేరారని, చిన్నస్వామి మరణవార్త అక్కడ తెలిసినదని, బాలుస్వామి ఎట్టయపురం ఆస్థానంలో ఉన్నట్లు విని అటు సాగిపోయారని చెబుతారు. దారిలో ఎండిన నేలను చూచి అమృతవర్షిణి రాగంలో అమ్మవారిని ప్రార్థించగా వాన కురిసినదని ఐతిహ్యం. ఆ కృతిలోనూ రాగం పేరు ఉన్నది. 1835లో నరకచతుర్దశినాడు, శిష్యులు మీనాక్షి కృతిని పాడుచుండగా ఎట్టయపురంలో ఆయన కన్నుమూశారు. ఆయన సమాధి అక్కడనే ఉన్నది.

బాలుస్వామి దౌహిత్రుడై, ఆయనకే దత్తుడైన సుబ్బరామ దీక్షితులు 1839లో జన్మించారు. కుటుంబంలో కాపాడుకొన్న విద్యను ఆయన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే బృహద్గ్రంథంగా 1904లో ఎట్టయపురంలో ప్రకటించారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండువందలకు పైగా అందులో స్వరసహితంగా ఉన్నాయి. గ్రంథమంతా తెలుగు లిపిలో ముద్రితమైనది. తమిళదేశం నడుమ, తెలుగు అక్షరాలలో!

నేడు మన ఇండ్లలో తెలుగు మాట్లాడే పిల్లలు ఎందరో ఉన్నారు. తెలుగు చదవగలిగినవారు కొందరే. దీక్షితులవారు మాటలలో దాచిన పేరు, నేర్చినవారికి నేటికీ దొరుకుతున్నది. మన పెద్దలు ఆ గ్రంథంలో అచ్చంగా, బహిరంగంగా ముద్రించినది మాత్రం లిపి రాని మన బిడ్డలకు రహస్యమైపోతున్నది. దానిని విప్పే తాళపుచెవి ఏబదియారు అక్షరాలే. సాయంకాలం దీపం పెట్టిన పిమ్మట రోజుకు ఒక అక్షరం దిద్దించినా రెండు నెలలు చాలును.