రెట్టింపు సూత్రం వెనక నైక్విస్ట్

లాజిక్ అనలైజర్‌ని ల్యాప్‌టాప్‌కి కనెక్ట్ చేయగానే సాఫ్ట్‌వేర్‌లో సెట్ చేయాల్సిన మొదటి అంకె శాంప్లింగ్ రేటు. ఏదో ఒకటి పెట్టేసి స్టార్ట్ నొక్కేముందు హ్యారీ నైక్విస్ట్ గురించి తెలుసుకోండి.

ఆయన 1889లో స్వీడన్‌లోని నిల్స్‌బీ అనే ఊళ్లో పుట్టారు. 18 ఏళ్ల వయసులో అమెరికా వెళ్లారు. నార్త్ డకోటా యూనివర్సిటీలో చేరింది మాత్రం 1912లో, అంటే 23 ఏళ్లకు. చదువులో గ్యాప్ వచ్చిందని బెంగపడుతున్నారా? చూడండి, 1914లో డిగ్రీ, 1915లో మాస్టర్స్, 1917లో యేల్ నుంచి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ. అదే ఏడాది ఏటీ అండ్ టీలో ఉద్యోగం. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో 1954లో రిటైరయ్యేదాకా పనిచేశారు.

ఆయన ముందున్న సమస్య టెలిగ్రాఫ్‌ది. ఒక లైన్ మీద సెకనుకు ఎన్ని పల్స్‌లు కలిసిపోకుండా పంపొచ్చు? లైన్ బ్యాండ్‌విడ్త్‌కి గరిష్ఠంగా రెట్టింపు అని 1928లో తేల్చారు. 1949లో క్లాడ్ షానన్ దీన్నే శాంప్లింగ్ సిద్ధాంతంగా నిరూపించి, నైక్విస్ట్‌కి క్రెడిట్ ఇచ్చారు. మనం పరీక్షల కోసం బట్టీపట్టే 'రెట్టింపు' సూత్రం ఇదే.

చాలామంది ల్యాబ్‌లో తడబడేదీ ఇక్కడే. ఆ సూత్రం బ్యాండ్‌విడ్త్‌కి హద్దు ఉన్న సిగ్నల్స్‌కే. డిజిటల్ పల్స్ అంచులు నిటారుగా ఉంటాయి, వాటిలో క్లాక్‌ని మించిన ఫ్రీక్వెన్సీలు చాలా ఉంటాయి. టైమింగ్ మోడ్‌లో అనలైజర్ తన సొంత క్లాక్‌తో శాంపిల్ చేస్తుంది. 24 మెగాహెర్ట్జ్ రేటు పెడితే దాదాపు 42 నానోసెకన్లకోసారి చూస్తుందన్నమాట. 10 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ క్లాక్‌లో సగం సైకిలే 50 నానోసెకన్లు. లెక్కకి రెట్టింపు దాటినా, అంచు అసలు ఎక్కడ మారిందో చెప్పలేం. 42 కన్నా సన్నని గ్లిచ్ అసలు కనిపించకపోవచ్చు. అందుకే టైమింగ్ మోడ్‌లో సిగ్నల్ వేగానికి కనీసం నాలుగు రెట్లు, వీలైతే పది రెట్లు పెట్టుకోండి. అలాగని ఎప్పుడూ గరిష్ఠమే పెట్టేయకండి. మెమరీ అంతే ఉంటే, రేటు రెట్టింపు చేసినప్పుడల్లా రికార్డయ్యే సమయం సగమవుతుంది. డేటా విలువలు చాలనుకుంటే స్టేట్ మోడ్‌కి మారండి. అందులో మీ సర్క్యూట్ క్లాకే శాంపిల్ చేయిస్తుంది.

కంట్రోల్ సిస్టమ్స్‌లో మీరు గీసే నైక్విస్ట్ ప్లాట్ కూడా ఈయన 1932లో చేసిన పనే. పేరు మీద వందకు పైగా పేటెంట్లున్నాయి. బెల్ ల్యాబ్స్‌లో ఎక్కువ పేటెంట్లు తెచ్చుకున్నవాళ్లలో చాలామందికి ఒక పోలిక ఉండేదట: వాళ్లు నైక్విస్ట్‌తో కలిసి భోంచేసేవాళ్లు. ఆయన వేసే ప్రశ్నలే వాళ్లను ఆలోచింపజేసేవని చెబుతారు. 1976లో కన్నుమూశారు.

మీరూ మీ క్యాప్చర్‌ని ఒక ప్రశ్న అడగండి. రేటు పెంచి ఇంకోసారి రికార్డ్ చేయండి. వేవ్‌ఫామ్ వేరుగా వచ్చిందా? అయితే మొదటిదాన్ని నమ్మి కోడ్ మార్చకండి.