అంగలతో హిమాలయాలను కొలిచిన బడిపంతులు : నైన్‌సింగ్ రావత్

పరిచయం

మీ ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి ఎంత దూరమో మీకు తెలుసు. నడిస్తే ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా చెప్పగలరు. కాని ఎన్ని అంగలు పడతాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? వంద అంగలు దాటేసరికి ఎవరో పలకరిస్తారు, లేదా మనసు మరో పని మీదికి పోతుంది. లెక్క తప్పిపోతుంది.

ఒక మనిషి మంచుకొండల్లో, దొంగల భయం ఉన్న దారుల్లో, నెలల తరబడి తన అంగలను లెక్కపెడుతూ నడిచాడు. ఆ లెక్కతో టిబెట్టు దేశపటంలో ఖాళీగా ఉన్న చోట దారులు, నదులు, ఊళ్లు చేరాయి. ఆయన సైనికుడు కాదు, ధనవంతుడు కాదు. కొండ మీది ఒక పల్లెలో బడిపంతులు. ఆయన పేరు నైన్‌సింగ్ రావత్. ఈ పాఠంలో మీరు ఆయన జీవితం గురించి తెలుసుకుంటారు.

కనుమల అవతలి వర్తకం

నైన్‌సింగ్ 1830లో పుట్టాడు. ఆయన కుటుంబానిది కుమావూ కొండల్లోని జోహార్ లోయ. ఆ లోయలోని మిలమ్ గ్రామం ఇప్పుడు ఉత్తరాఖండ్ రాష్ట్రం, పిథోరాగఢ్ జిల్లాలో ఉంది. సముద్రమట్టానికి పదకొండు వేల అడుగులకు పైగా ఎత్తున ఉన్న ఊరది. అక్కడివారు వేసవిలో మిలమ్‌లో ఉండి, చలికాలం రాగానే పశువులతో, పిల్లాపాపలతో కిందికి దిగిపోయేవారు.

అంత ఎత్తున పంట తక్కువ. అందుకే ఆ ఊరివారికి వర్తకమే జీవనాధారం. ధాన్యం, బట్ట మొదలైన సరుకులను గొర్రెల మీద, మేకల మీద, జడలబర్రెల మీద వేసుకుని కనుమలు దాటి టిబెట్టుకు వెళ్లేవారు. అక్కడి నుంచి ఉప్పు, ఉన్ని తెచ్చేవారు. కొండల మధ్య నుంచి అవతలికి దాటే ఇరుకు దారిని కనుమ అంటారని మీకు తెలుసు. ఏ కనుమ ఏ నెలలో తెరుచుకుంటుంది, మంచు ఎక్కడ కూలుతుంది, ఎక్కడ మజిలీ చేయాలి అనే సంగతులు అక్కడి పిల్లలకు పెద్దల వెంట నడవడంతోనే వచ్చేవి. నైన్‌సింగ్ కూడా అలాగే నేర్చుకున్నాడు. టిబెట్టు భాష, అక్కడి మర్యాదలు ఆయనకు చిన్ననాటి నుంచే అలవాటు.

1855లో జర్మనీ దేశపు ష్లాగింట్‌వైట్ సోదరులు హిమాలయాలను పరిశీలించడానికి వచ్చారు. వారికి దారి తెలిసినవారు కావలసి వచ్చింది. నైన్‌సింగ్, ఆయన బంధువు మణిసింగ్ వారి వెంట వెళ్లారు. మానససరోవరం వైపు, లడఖ్ వైపు సాగిన ఆ ప్రయాణాల్లో ఆయన దారి చూపడమే కాక పరికరాలను వాడడం కూడా చూసి నేర్చుకున్నాడు. ఆ సోదరుల్లో ఒకడైన అడాల్ఫ్ 1857లో కాష్గర్‌లో హత్యకు గురయ్యాడు. ఆ దారులు ఎంత ప్రమాదకరమైనవో దీన్నిబట్టి మీరు గ్రహించవచ్చు.

ఆ తరువాత నైన్‌సింగ్ మిలమ్ బడిలో ఉపాధ్యాయుడయ్యాడు. అందుకే ఆయనకు పండిట్ అనే పిలుపు వచ్చింది.

ముప్పై మూడేళ్ల విద్యార్థి

ఆ కాలంలో భారతదేశాన్ని కొలిచి పటాలు గీసే పెద్ద పని ఒకటి సాగుతూ ఉండేది. అది 1802లో మద్రాసు దగ్గర మొదలైంది. మన అనంతపురం జిల్లా గుత్తి వంటి చోట్ల కూడా నేలను కొలుస్తూ ఆ పని ఉత్తరానికి సాగి హిమాలయాలను చేరింది. అయితే హిమాలయాల అవతల ఉన్న టిబెట్టులోకి ఐరోపావారికి ప్రవేశం లేదు. ప్రధాన నగరం లాసా ఎక్కడ ఉందో పటంలో కచ్చితంగా గుర్తించడం కూడా సాధ్యం కాలేదు.

సర్వే శాఖ అధికారి కెప్టెన్ మాంట్‌గోమరీ ఒక ఉపాయం ఆలోచించాడు. యాత్రికులుగా, వర్తకులుగా వెళ్లగల కొండప్రాంతపు మనుషులకు కొలత పని నేర్పి పంపాలన్నదే ఆ ఉపాయం. అలా 1863లో యార్కండుకు పంపిన మొదటి మనిషి తిరుగుదారిలోనే మరణించాడు. అదే ఏడాది నైన్‌సింగ్, మణిసింగ్ డెహ్రాడూన్‌లోని సర్వే కార్యాలయానికి వచ్చారు.

అప్పటికి నైన్‌సింగ్ వయస్సు ముప్పై మూడు. ఊళ్లో పిల్లలకు పాఠం చెప్పే మనిషి మళ్లీ విద్యార్థిగా కూర్చున్నాడు. రెండేళ్ల పాటు శిక్షణ పొందాడు. నక్షత్రాలను గుర్తించడం, దిక్సూచి చూడడం, కోణాలు కొలిచే సెక్స్‌టంట్ అనే పరికరాన్ని వాడడం నేర్చుకున్నాడు. అన్నిటికంటె కష్టమైన పాఠం మరొకటి ఉంది. అది ఒకే కొలతలో నడవడం. ఎత్తు ఎక్కినా, పల్లం దిగినా అంగ పెరగకూడదు, తగ్గకూడదు. రెండువేల అంగలకు ఒక మైలు కావాలి. మైలుకు 5,280 అడుగులు కనుక ఒక్కొక్క అంగ రెండున్నర అడుగులకు కొంచెం ఎక్కువ. ఈ లెక్కను మీరూ వేసి చూడవచ్చు.

భక్తుని చేతిలో పరికరాలు

లెక్క తప్పకుండా ఉండడానికి ఒక జపమాల తయారుచేశారు. బౌద్ధుల జపమాలలో మామూలుగా 108 పూసలు ఉంటాయి. నైన్‌సింగ్ మాలలో 100 మాత్రమే ఉన్నాయి. వంద అంగలకు ఒక పూస జరపాలి. మాల ఒక చుట్టు పూర్తయితే పదివేల అంగలు, అంటే అయిదు మైళ్లు నడిచినట్లు.

టిబెట్టు యాత్రికులు చేతితో తిప్పే ప్రార్థనాచక్రంలో మంత్రం రాసిన కాగితం చుట్ట ఉంటుంది. ఈయన చక్రంలో మాత్రం తాను తీసుకున్న కొలతలు రాసుకునే ఖాళీ కాగితాలు ఉండేవి. ఎవరైనా దగ్గరికి వస్తే చక్రం తిప్పుతూ జపం చేస్తున్నట్లు కనిపించేవాడు. ప్రార్థనలో ఉన్న మనిషిని పలకరించడం మర్యాద కాదు కనుక లెక్క చెదిరేది కాదు.

ఊతకర్రలో థర్మామీటరు దాచారు. ఎత్తుకు పోయినకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సుమారు ప్రతి వెయ్యి అడుగులకు ఒక డిగ్రీ సెంటీగ్రేడు తగ్గుతుంది. టీ కాచుకునే నీటిలో థర్మామీటరు ముంచితే ఆ చోటి ఎత్తు తెలుస్తుందన్నమాట. గవ్వల్లో పాదరసం పోసి మైనంతో మూశారు. రాత్రివేళ దాన్ని గిన్నెలో పోస్తే అద్దంలా సమంగా నిలుస్తుంది. అందులో నక్షత్రపు నీడను చూస్తూ సెక్స్‌టంట్‌తో కోణం కొలిస్తే ఆ చోటి అక్షాంశం తెలుస్తుంది. సెక్స్‌టంట్‌ను పెట్టె దొంగ అడుగున దాచారు.

లాసాకు నడక

1865 జనవరిలో ఇద్దరూ డెహ్రాడూన్ నుంచి బయలుదేరి నేపాల్‌లోని కాఠ్మండు చేరారు. అక్కడి నుంచి కీరోంగ్ మీదుగా టిబెట్టులోకి పోవాలని ప్రయత్నించారు. సరిహద్దు అధికారులు వారిని నమ్మలేదు, వెనక్కి పంపారు. మణిసింగ్ మరో దారి పట్టాడు. నైన్‌సింగ్ పట్టు విడవలేదు. లడఖ్ వర్తకుని వేషం వేసి, జడ తగిలించుకుని మళ్లీ బయలుదేరాడు. ఆ సంవత్సరం లాసాకు వెళ్లననీ, వెళ్తే తన ప్రాణం తీయవచ్చనీ కీరోంగ్ అధికారికి మాట ఇవ్వవలసి వచ్చింది.

తరువాత ఆయన లాసాకు పోయే లడఖ్ వర్తకుల బిడారులో చేరాడు. కొత్త కొండల్లో ఒంటరిగా పోవడం కంటె దారి తెలిసినవారి వెంట పోవడమే క్షేమం. వారికి ఆయన తోటి బాటసారి. ఆయన పెట్టెలో ఏముందో వారికి తెలియదు. పగలంతా నడక. సాయంత్రం గుడారాలు, వేయించిన యవల పిండి, ఉప్పు వేసిన టీ. అందరూ నిద్రపోయాక ఈయన లేచి నక్షత్రాలను చూసేవాడు.

జాంగ్లాచే అనే చోట సాంగ్‌పో నది పడవ ప్రయాణానికి అనువుగా ఉంటుంది. ఈ నదే భారతదేశంలోకి వచ్చాక బ్రహ్మపుత్ర అవుతుంది. అక్కడి నుంచి షిగాట్సేకు తోటివారిలో చాలామంది పడవ ఎక్కారు. అలసిన కాళ్లకు పడవ ఎంత హాయో మీరు ఊహించగలరు. కాని పడవ ఎక్కితే అంగల లెక్క ఉండదు. నైన్‌సింగ్ గట్టు వెంబడి నడిచాడు.

1866 జనవరి 10న ఆయన లాసా చేరాడు.

లాసాలో భయం, సాయం

లాసాలో ఆయన మూడు నెలలకు పైగా ఉన్నాడు. చేతిలో డబ్బు అయిపోయింది. అప్పుడు ఆయనకు పాత వృత్తి అక్కరకు వచ్చింది. అక్కడి వర్తకులకు మన దేశపు లెక్కల పద్ధతి నేర్పి పొట్ట పోసుకున్నాడు. రాత్రులు సత్రంలో దొంగచాటుగా నక్షత్రాలను చూసి లాసా అక్షాంశం లెక్కకట్టాడు. ఆయన లెక్క 29 డిగ్రీల 39 నిమిషాల పైచిలుకు. నేటి పటాల్లోనూ లాసా దాదాపు అక్కడే ఉంది.

భయం మాత్రం వెంటాడుతూనే ఉంది. అనుమతి లేకుండా వచ్చిన ఒక చైనా మనిషికి బహిరంగంగా తల తీయడం ఆయన చూశాడు. ఒకనాడు వీధిలో కీరోంగ్ అధికారి కనిపించాడు. తాను ఎవరికి మాట ఇచ్చాడో ఆ మనిషే. ఆనాటి నుంచి నైన్‌సింగ్ బయట తిరగడం తగ్గించాడు.

కాశ్మీరు మూలానికి చెందిన ఇద్దరు ముస్లిం వర్తకులు ఆయన వేషాన్ని పసిగట్టారు. ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన ప్రాణం దక్కేది కాదు. వారు చెప్పలేదు. పైగా డబ్బు అప్పు ఇచ్చారు.

1866 ఏప్రిల్‌లో తాను వచ్చిన బిడారుతోనే నైన్‌సింగ్ తిరుగుముఖం పట్టాడు. సాంగ్‌పో నది వెంబడి పడమటికి నడిచి, మానససరోవరం మీదుగా కనుమలు దాటి, అక్టోబరులో డెహ్రాడూన్ చేరాడు. ఆయన కొలిచిన బాట సుమారు 1,200 మైళ్లు. మైలుకు రెండువేల చొప్పున అది 24 లక్షల అంగలు. ముప్పైకి పైగా చోట్ల అక్షాంశాలను, ఎత్తులను కూడా కొలిచి తెచ్చాడు.

తరువాతి ప్రయాణాలు

1867లో ఆయన మరో ఇద్దరితో కలిసి పడమటి టిబెట్టుకు వెళ్లాడు. పదహారువేల అడుగులకు పైగా ఎత్తున, థోక్ జాలుంగ్‌లోని బంగారు గనులను చూశాడు. 1873లో యార్కండు వెళ్లాడు. 1874 జూలైలో లడఖ్‌లోని లేహ్ నుంచి చివరి పెద్ద ప్రయాణం మొదలుపెట్టాడు. గొర్రెల మీద సామాను వేసుకుని, టిబెట్టు ఎత్తు మైదానాల మీదుగా లాసాకు పోయి, అక్కడి నుంచి తవాంగ్ మీదుగా 1875 మార్చిలో అస్సాంలో దిగాడు. ఆ బాట సుమారు 1,300 మైళ్లు.

మంచు మీది వెలుగు, ఏళ్ల తరబడి చలి, రాత్రి మేలుకొని చేసిన పరిశీలన ఆయన కంటిచూపును, ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. అటుపై ఆయన మళ్లీ గురువయ్యాడు. తన తరువాత వెళ్లేవారికి కొలత పని నేర్పాడు. వారిలో ఆయన బంధువు కిషన్‌సింగ్ తరువాత ఎంతో పేరు పొందాడు.

పేరు లేని మనిషి

మొదటి లాసా ప్రయాణపు నివేదిక 1868లో లండన్‌లో అచ్చయినప్పుడు అందులో నైన్‌సింగ్ పేరు లేదు. పండిట్ అని మాత్రమే ఉంది. పేరు బయటపడితే ఆయన ప్రాణానికి ముప్పు కనుక అలా చేశారు. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ప్రకటించింది. స్వతంత్ర భారతదేశం 2004లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఇక్కడ మనం మరో సంగతి కూడా ఆలోచించాలి. టిబెట్టువారు తమ దేశాన్ని ఊరికే మూసుకోలేదు. పటం వెనుక సైన్యం వస్తుందని వారి భయం. 1904లో బ్రిటిష్ సైన్యం నిజంగానే లాసాలో అడుగుపెట్టింది. 1880 తరువాతి సంవత్సరాల్లో ఇలాగే టిబెట్టు వెళ్లిన శరత్‌చంద్ర దాస్‌కు ఆశ్రయం ఇచ్చిన లామాకు ఆ తరువాత మరణశిక్ష పడింది. నైన్‌సింగ్‌ను నమ్మి వెంట తీసుకుపోయిన లడఖ్ వర్తకులకు గాని, రహస్యం దాచిన కాశ్మీరీ వర్తకులకు గాని అలాంటి ఆపద రావచ్చు. కాబట్టి ఆయన చదువును, ఓర్పును మెచ్చుకుందాం. ఆ పని ఎవరి కోసం జరిగిందో, ఎవరి నమ్మకం మీద జరిగిందో కూడా మరిచిపోకుండా ఉందాం.

మరో మాట. ముప్పై మూడేళ్లకు పలక పట్టినంత శ్రద్ధగా కొత్త చదువు మొదలుపెట్టిన మనిషి ఆయన. చిన్ననాడు నడిచి నేర్చుకున్నదాన్ని ఆ చదువుతో కలిపాడు. మీకు పొలంలో, పనిలో, ఇంట్లో వచ్చిన తెలివి కూడా ఈ చదువుకు అడ్డు కాదు. అదే దానికి పునాది.

మీరు చేసి చూడండి

1. ఒక తాడును గాని, టేపును గాని తీసుకుని వంద అడుగుల దూరం గుర్తించండి. మామూలుగా నడుస్తూ ఎన్ని అంగలు పడ్డాయో లెక్కపెట్టండి. మీ అంగ పొడవు ఎంత?
2. మీ ఇంటి నుంచి బజారుకు ఎన్ని అంగలో లెక్కపెట్టండి. వంద అంగలకు ఒక చింతగింజ చొప్పున జేబులో వేసుకోండి. ఆ దూరాన్ని అడుగుల్లోకి మార్చండి.
3. కాశ్మీరీ వర్తకులు నైన్‌సింగ్ రహస్యాన్ని ఎందుకు దాచి ఉంటారు? వారి స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? పది వాక్యాల్లో రాయండి.