మెతుకుసీమ పాస్నెట్ దొర

సికింద్రాబాదులో బన్సీలాల్‌పేట నుండి ఉత్తరంగా పోతే తిరుమలగిరి దండుప్రాంతం వస్తుంది. 1895లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ అక్కడి తెల్ల సిపాయిలకు మతబోధకులుగా వచ్చారు. అప్పటికే అక్కడ 1860 నాటి ఆల్ సెయింట్స్ దేవాలయం ఉన్నది. స్వదేశాన్ని మరువలేని సైనికుల కొరకు గాథిక్ పద్ధతిలో కట్టిన కట్టడమది. ఊరి ప్రజలతో దానికి పనిలేదు. పాస్నెట్‌కు ఆ కొలువు తృప్తినివ్వలేదు. మరుసటి ఏడు గుర్రమెక్కి మెదక్ చేరారు.

మెతుకుసీమ అని పేరేగాని, మెతుకు కరవైన రోజులు ఆ నేలకు కొత్తకావు. మిషన్ బంగళా మేడమీద సుమారు 200 మంది పట్టే ప్రార్థనామందిరమే అప్పటికి అక్కడ ఉండేది. పాస్నెట్ బోధ విన్నవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి గుడి గడప తొక్కే హక్కు లేనివారు. అట్టివారి కొరకు 5,000 మంది పట్టే ఆలయాన్ని 1914లో తలపెట్టడం సాహసమే. మొదటి ప్రపంచయుద్ధమూ కరవూ కలిసివచ్చిన కాలమది. పాస్నెట్ ఆ కరవునే పనికి మూలం చేశారు. అన్నం ఊరక పెట్టక, రాళ్లు మోసినవారికి కూలిగా ఇచ్చారు. ఆకలిగొన్నవారిచేత రాళ్లు మోయించడమా అని నేటివారు అడగవచ్చు; అడగవలసిన ప్రశ్నే. అయితే దానం పుచ్చుకున్నవారికి లేని హక్కు, కూలి తిన్నవారికి ఆ గోడలమీద కలిగింది.

నమూనా ఇంగ్లండులోని బోల్టన్ నగరపు బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ సంస్థది. నేలమీద పరచిన రంగుల పలకలు బ్రిటన్‌వి. రాయి మాత్రం చెక్కిన బూడిదరంగు రాయి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు 175. పరాయి రూపమని దీనిని తోసివేసేవారు కొలతలను కూడా చూడాలి. ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకొని తరలివచ్చినా చోటు చాలాలన్న లెక్క వాటిలో ఉన్నది. తిరుమలగిరి గుడికి ఆ లెక్కతో అవసరం లేకపోయింది.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. క్రీస్తు ఆరోహణను చూపే రంగుటద్దాల చిత్రం 1927లోను, జననఘట్టం 1947లోను, సిలువఘట్టం 1958లోను అమరాయి. పగటి వెలుగు ఉన్నంతవరకే లోపలివారికి అవి కనిపిస్తాయి. వెస్లియన్లకు బిషప్పులు లేనందున ఆ ఆలయం మొదట కెథీడ్రల్ కాదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదక్‌కు బిషప్పు వచ్చిన తరువాతనే ఆ హోదా దక్కింది. పాస్నెట్ 1950లో మరణించారు. సిలువ చిత్రం అమరడం ఆయన చూడలేదు.