యంత్రముల నాడి నెరిగిన జి. డి. నాయుడుగారు

కోయంబత్తూరునకు సమీపమున కలంగల్ అను చిన్న పల్లెయందు, తెలుగువారి వ్యవసాయ కుటుంబమున, 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జన్మించిరి. పసితనముననే తల్లిని గోల్పోయిరి. లోకము ఆయనను జి. డి. నాయుడుగారనియే యెరుగును. మన గుంటూరు, ప్రకాశము సీమలకు కోయంబత్తూరు దూరమే. అయినను అదియు ప్రత్తి పండు నేలయే. ఆయన పూర్వులు తెలుగునాటినుండి దక్షిణమునకు వలసపోయిన వారే. కావున ఆయన కథ మన పిల్లలకు పరాయివారి కథ కాదు.

ఆ కథను ఇప్పుడు చెప్పుటకు మరియొక కారణము గలదు. మన యూళ్లలో నేడు చేతులు మారిన పాతబండి లేని వీధి యరుదు. లక్ష, లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండిని అప్పు చేసి కొని, దానితో మిరప బస్తాలను గుంటూరు యార్డునకు తోలి బ్రతుకు కుటుంబములు మన విద్యార్థుల యిండ్లలోనే యున్నవి. అట్టి బండ్లకు వచ్చు జబ్బులలో మిక్కిలి విసిగించునది ఇంజను తడబడుట. మెకానిక్కులు దీనిని మిస్సింగు అందురు. దాని మూలమును పట్టుకొను విద్య యెట్టిదో నాయుడుగారి జీవితమువలన తేటగా తెలియును.

బడి చదువు ఆయనకు అబ్బలేదు. ఉపాధ్యాయుని ముఖముపై ఇసుక చల్లి బడినుండి పరుగెత్తెనని యొక కథ ప్రచారములో నున్నది. ఉపాధ్యాయులమైన మేము దీనిని సంతోషముతో వ్రాయుట లేదు. దాచుటయు న్యాయము కాదు. ప్రాథమిక తరగతులతోనే బడి విడిచిన యీ బాలుడు పుస్తకములు చదువుట మాత్రము మానలేదు.

ఒకనాడు రెవెన్యూ శాఖకు చెందిన ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. అది రడ్జ్ అను ఇంగ్లండు కంపెనీవారి బండి. ఎద్దుగాని గుఱ్ఱముగాని లేక పరుగెత్తు వాహనమును చూచుట ఆ బాలునకు అదియే మొదలు. బండి దారిలో నిలిచిపోగా దొర దానిని విప్పి, కిరసనాయిలుతో తుడిచి, మరల నడిపెననియు, ఆ కిరసనాయిలును తెచ్చి యిచ్చినది యీ బాలుడేననియు చెప్పుదురు. నిలిచిపోయిన యంత్రమునకు ఒక కారణ ముండుననియు, వెదకినచో అది దొరకుననియు ఆ పల్లెటూరి పిల్లవానికి ఆనాడే తోచియుండును.

ఆ కోరికతో ఆయన కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డనవానిగా పనిచేసిరి. కొన్ని సంవత్సరములు కూలి డబ్బు కూడబెట్టి ఆ బండినే కొనిరి. కొనినవెంటనే యెక్కి ఊరేగుట సామాన్యుల పని. నాయుడుగారు దానిని మరమరగా విప్పి, ప్రతి భాగమును చేతితో పట్టి చూచి, తిరిగి బిగించిరి. బండిని విప్పుట పదిమందికి తెలియును. విప్పినది విప్పినట్లు కూర్చి నడిపించుటలోనే విద్య యున్నది. ఏ భాగము దేనిని కదలించునో, ఏది చెడినచో ఏది నిలుచునో, అప్పుడే గదా తెలియును! ఆయనకు పాఠ్యపుస్తకమును ప్రయోగశాలయు ఆ బండియే.

పిమ్మట మెకానిక్కుగా కొంతకాల ముండిరి. ప్రథమ మహాయుద్ధకాలమున తిరుప్పూరులో ప్రత్తి జిన్నింగు మిల్లు నడిపి ధన మార్జించిరి. బొంబాయి ప్రత్తి వ్యాపారమున దిగి దానిని పోగొట్టుకొనిరి. ప్రత్తి ధరల యెగుడుదిగుడులు మన రైతులకు వేరుగ చెప్పవలసినవి కావు. ఇట్లు చేతిలోనిది పోయిన తరువాత, కోయంబత్తూరు పారిశ్రామికుడైన స్టేన్స్ దొరగారి సాయముతో ఒక బస్సు సంపాదించి, 1920లో పొల్లాచ్చి, పళనిల నడుమ తామే నడపసాగిరి. ఆ యొక్క బస్సు 1933 నాటికి 280 బస్సులయ్యెను. యూ. ఎం. ఎస్. అను ఆ సంస్థ వేళ తప్పక నడచుటకు దక్షిణదేశమున పేరు పొందెను.

280 బస్సులనగా నేమో పిల్లలు ఊహింపవలెను. ఆ కాలపు పెట్రోలు బస్సులు గతుకు బాటలపై దుమ్ములో రేయింబవళ్లు తిరిగెడివి. ఒక్క బస్సు దారిలో తడబడి నిలిచినచో పెండ్లికి పోవువారు, ఆసుపత్రికి పోవువారు, సంతకు పోవువారు అందరును ఎండలో నిలువవలెను. ఊహపై ఆధారపడి నేడొక సామాను రేపొక సామాను మార్చుచు పోయినచో అట్టి సంస్థ యొక సంవత్సరము నిలువదు. జబ్బు ఎక్కడనో ముందు తెలియవలెను; మందు తరువాత.

ఇక్కడ ఇంజను సంగతి కొంత చెప్పక తప్పదు. పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరును గాలితో కలిసిన పెట్రోలు ఆవిరిని పీల్చును, నొక్కును, నిప్పురవ్వతో మండించి బలము నిచ్చును, పొగను వెళ్లగ్రక్కును. నాలుగు సిలిండర్ల ఇంజను నిలకడగా నిమిషమునకు 800 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరులో నిమిషమునకు 400 మారులు మంట పుట్టవలెను. దీనికి కావలసినవి మూడు: సరిపాళ్లలో ఇంధనమును గాలియు, వేళకు నిప్పురవ్వ, గట్టి నొక్కుడు. ఈ మూడింటిలో ఏ యొకటి లోపించినను ఆ సిలిండరు మండక ఊరక తిరుగును. అప్పుడు బండి కుదుపుతో నడచును, ఎత్తు ఎక్కలేదు, పెట్రోలు మాత్రము ఎక్కువ త్రాగును.

ఆ కాలపు వర్క్‌షాపులలో దీనిని కనుగొను పద్ధతి చాల తేలికైనది. ఇంజను నడచుచుండగా కొయ్యపిడి గల స్క్రూడ్రైవరును ప్లగ్గు తలకును ఇంజను ఇనుమునకును తాకించి, ఆ ప్లగ్గు రవ్వను ఆపెడివారు. మంచి సిలిండరును ఆపినచో ఇంజను ఇంకను క్రుంగును. దేనిని ఆపినను మార్పు లేకున్నచో అదియే చచ్చిన సిలిండరు. తరువాత దాని ప్లగ్గును ప్రక్క సిలిండరులో పెట్టెడివారు. జబ్బు ప్లగ్గుతో కూడ ప్రక్కకు పోయినచో దోషము ప్లగ్గుది. పోనిచో ప్లగ్గు తీగెను మార్చి చూడవలెను. ఒకసారి ఒకటే మార్చవలెను. రెండు మార్చినచో బండి బాగుపడవచ్చును గాని ఏది చెడినదో తెలియదు.

ఊడదీసిన ప్లగ్గు మూగది కాదు. దాని మొన లేత గోధుమవన్నెగా నున్న మంట సరిగా నున్నది. పొడి మసి పట్టిన పెట్రోలు పాలు ఎక్కువ. ప్రత్తి తీతల కాలమున నూగు చేరి గాలి ఫిల్టరు మూసికొనిపోయిన పాత కార్బురేటరు బండ్లలో ఇది జరుగును. నూనెతో తడిసియున్నచో పిస్టను రింగులో, వాల్వు గైడులో అరిగి ఆయిలు పైకి వచ్చుచున్నది. మొన తెల్లగా కాలియున్నచో పెట్రోలు పాలు చాలక వేడి మించుచున్నది. తీగెల పగుళ్లను చూచుటకు చీకటియే మంచిది: ఇంజనుపై కొంచెము నీరు చిలుకరించి చూచినచో రవ్వ దారి తప్పి నీలముగా మెరయును.

అన్ని సిలిండర్లును ఒకదాని తరువాత నొకటి తడబడుచున్నచో ప్లగ్గుల నంటి ప్రయోజనము లేదు. అన్నింటికిని ఉమ్మడియైనదానిని వెదకవలెను. ఆనాటి బండ్లలో అది డిస్ట్రిబ్యూటరు పాయింట్లు, కండెన్సరు, కాయిలు, కార్బురేటరు.

ఎక్కువ దూరము తిరిగిన బండిలో మూడవదైన నొక్కుడును తప్పక చూడవలెను. ప్లగ్గు రంధ్రమున గేజి పెట్టి ఒక్కొక్క సిలిండరును కొలుతురు. ఒకటి మాత్రమే మిక్కిలి తక్కువగా నున్నచో ఆ రంధ్రములో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల కొలువవలెను. నొక్కుడు పెరిగినచో రింగులు అరిగినవి; పెరుగనిచో వాల్వులో గాస్కెట్టో చెడినది. ప్రక్కప్రక్క రెండు సిలిండర్లు తగ్గినచో వాని నడుమ హెడ్ గాస్కెట్టు కాలినదని అనుమానింపవలెను. ఈ పరీక్షకు ముందే క్రొత్త కాయిలు, క్రొత్త ప్లగ్గులు కొనుట రైతు చేతి డబ్బును నీళ్లలో పోయుటయే.

నాయుడుగారికి కంటితో, చెవితో చేయు పరీక్షలు చాలలేదు. మోటారులోని అదురును పరీక్షించుటకు ఆయన ఒక సాధనమును కల్పించిరి. మనుష్యుని చెవి అలసట చెందును, ఊహకు లొంగును, సాధనము లొంగదు. నేటి కార్లలో స్కానరు చేయు పనికి ఇది తాతవంటిదని మా యభిప్రాయము. స్కానరు పి 0301 అని చూపినచో మొదటి సిలిండరు తడబడుచున్నదని యర్థము; పి 0300 అన్నచో ఏదియు నిలుకడగా కాదు, పలు సిలిండర్లు తడబడుచున్నవి. అయినను స్కానరు సిలిండరును చెప్పును గాని కారణమును చెప్పదు. మొదటి కాయిలును రెండవ సిలిండరుపై పెట్టి చూచినచో, సంఖ్య 0302గా మారిన కాయిలే దోషి. పద్ధతి పాతదే. క్రొత్త కార్లలో మాత్రము నడచు ఇంజనుపై స్క్రూడ్రైవరు తాకించుట కూడదు; ఎలక్ట్రానిక్ భాగములు చెడును, చేతికి గట్టి షాకు తగులును. తడబాటును లెక్కచేయక తోలుటయు కూడదు. మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని కన్వర్టరులో చేరి మండి దానిని కాల్చివేయును.

మన సీమలో ఎక్కువగా కానవచ్చునవి డీజిలు బండ్లు. వీనికి ప్లగ్గు రవ్వ లేదు. నొక్కుడు వేడికే డీజిలు మండును. 2005లో వచ్చిన టాటా ఏస్ మొదటి రకమునకు రెండే సిలిండర్లు. ఒకటి పడిపోయిన సగము బండి పోయినట్లే. అట్టి పాత పద్ధతి పంపు గల ఇంజనులో నాజిలు పైపు నట్టును ఒక్కొక్కటిగా కొంచెము వదలు చేసి, ఏది వదలించినను మార్పు రాదో చూతురు. కామన్ రైలు అను క్రొత్త పద్ధతి ఇంజనులో ఇది ప్రాణాపాయము. ఆ పైపులోని డీజిలు చర్మమును చీల్చి లోపలికి పోగలదు. దానిని స్కానరున్నవారికే విడువవలెను.

పాతబండిని కొనబోవు తండ్రులు ఒక్క సంగతి గమనింతురు గాక. ఇంజను చల్లగా నుండగనే తొలి స్టార్టు చూడవలెను. అమ్మువాడు ముందే వేడిచేసి యుంచినచో తడబాటు దాగవచ్చును. మీటరు అంకె తక్కువయై పెడలు రబ్బరు నునుపుగా అరిగియున్నచో రబ్బరునే నమ్మవలెను.

మరల నాయుడుగారి యొద్దకు వత్తము. 1937లో పీలమేడున డి. బాలసుందరము నాయుడుగారితో కలిసి వెలువరించిన విద్యుత్ మోటారు భారతదేశమున తయారైన మొదటిదని చెప్పుదురు. విద్యుత్ రేజరు, కిరసనాయిలుతో తిరుగు విసనకర్ర, చౌకబారు చిన్నకారు మున్నగునవి పెక్కు చేసిరి. 1952 నాటి ఆ కారునకు ప్రభుత్వము అనుమతి నియ్యలేదు.

ఉపాధ్యాయులకు ముఖ్యమైనది వేరొకటి. 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయము వెలసెను. నాయుడుగారే దానికి తొలి ప్రిన్సిపాలు. బడిని మధ్యలో విడిచినవారు విద్యాలయాధిపతియైరి! నాలుగేండ్ల చదువు కాలహరణమనియు, పనిముట్లు పట్టించి తక్కువ కాలముననే నేర్పవచ్చుననియు ఆయన వాదము. ప్రభుత్వము ఒప్పుకొనలేదు, ఆయన పదవిని విడిచిరి. ఈ వాదములో మేము సగమే ఆయన పక్షము. చేతితో విప్పి చూడని విద్యార్థికి ఇంజను తెలియదనుట నిజము. కాని నొక్కుడు పెరిగిన వేడి యేల పుట్టునో తెలియనివాడు డీజిలు ఇంజను ముందు ఎన్నాళ్లు నిలిచినను ఊహించుచునే యుండును. ఆయన తామే జీవితమంతయు పుస్తకములు చదివిరి గదా! ఆ విద్యాలయము నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కోయంబత్తూరున నడచుచున్నది.

నాయుడుగారు 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన, 80 ఏండ్ల ప్రాయమున పరమపదించిరి. కోయంబత్తూరు అవినాశి రోడ్డున ఆయన పేరిటి ధర్మసంస్థవారు 2015లో పాత కార్ల ప్రదర్శనశాలను తెరచిరి. ఆ దిక్కునకు పోవు విద్యార్థులు దానిని చూడవచ్చును.