మంచుపువ్వుల మర్మజ్ఞుడు

గోల్కొండ కోటకూ పురానాపూల్‌కూ నడుమ ఉన్న కార్వాన్ ఒకనాడు వర్తకుల బిడారులు విడిసిన చోటు. కుతుబ్‌షాహీల కాలంలో అక్కడ వజ్రాల వ్యాపారం సాగింది. రాతి రూపును చూసి దాని విలువను నిర్ణయించడం ఆ వర్తకుల విద్య. ఆ కార్వాన్ మీద మండువేసవిలో ఒక్కొక్కప్పుడు వడగళ్లు కురుస్తాయి. నేల నిప్పులు చెరుగుతున్నా, అయిదారు కిలోమీటర్ల ఎత్తున మేఘాలలో నీరు గడ్డకట్టే చలి ఉంటుందనడానికి అవే సాక్ష్యం. అటువంటి చలిలో పుట్టే మంచు స్ఫటికాలను రత్నాలవలె పరీక్షించి, వాటి ఆకృతిలో మేఘపు ఉష్ణోగ్రతను చదివిన శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా.

నకాయా 1900 జూలై 4న జపాన్‌లోని ఇషికావా ప్రాంతంలో, వేడినీటి బుగ్గలకు ప్రసిద్ధమైన కతయామజులో జన్మించారు. కుమారుణ్ణి పింగాణీ పనిలో నిపుణుణ్ణి చేయాలని తండ్రి ఆశించారు. కాని నకాయా మనస్సు భౌతికశాస్త్రం వైపు మొగ్గింది. టోక్యో విశ్వవిద్యాలయంలో ఆయనకు తొరాహికో తెరాదా గురువుగా లభించారు. నేల నెర్రెలు, మిఠాయి మీది బొడిపెలు వంటి నిత్యం కనిపించే వాటిలోనే శాస్త్రాన్ని వెదికిన పండితుడాయన. ఆ గురువు దృష్టి శిష్యునికి అబ్బింది. అనంతరం నకాయా లండన్‌లో ఎక్స్ కిరణాలపై పరిశోధన చేసి, 1930లో సప్పొరోలోని హొక్కైదో విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు.

అక్కడ ఆయన పరిశోధనకు తగిన పరికరాలు లేవు. మరొకరైతే నిరాశపడేవారే. నకాయా మాత్రం లేనిదానికై వగవక, ఉన్నదానివైపు చూశారు. ఆ నగరంలో కొదువలేనిది మంచు ఒక్కటే. అమెరికాలో విల్సన్ బెంట్లీ అనే రైతు జీవితమంతా శ్రమించి తీసిన మంచు స్ఫటికాల ఛాయాచిత్రాలు 1931లో గ్రంథరూపంలో వెలువడి, ఆయనకు ప్రేరణనిచ్చాయి. తొకాచి పర్వతం మీది కుటీరంలో, ఊపిరి సోకితేనే కరిగిపోయే స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద ఉంచి నకాయా సుమారు మూడువేల ఛాయాచిత్రాలు తీశారు. వాటిని ఆకృతిని బట్టి తరగతులుగా విభజించారు.

అయితే స్ఫటికాలకు ఇన్ని రూపాలెందుకు కలుగుతాయో చిత్రాలు చెప్పలేవు. అది తెలియాలంటే మంచును మానవుడే సృష్టించాలి. 1935లో సిద్ధమైన శీతల ప్రయోగశాలలో ఆయన నీటి ఆవిరిని గాజుగొట్టంలో పైకి పంపి, వేలాడదీసిన సన్నని పోగుపై స్ఫటికాన్ని పెంచ యత్నించారు. పత్తి, పట్టు దారాలపై స్ఫటికానికి మారుగా పోగు పొడవునా నూగు మంచు పేరుకొన్నది. చివరకు కుందేలు వెంట్రుక అక్కరకు వచ్చింది. దానిపై ఉండే చిన్న చిన్న కణుపుల వద్ద స్ఫటికాలు విడివిడిగా మొలిచాయి. 1936 మార్చి 12న ప్రపంచంలో తొలి కృత్రిమ మంచుపువ్వు వికసించింది.

ఉష్ణోగ్రతనూ తేమనూ మార్చి మార్చి చూడగా రహస్యం బయటపడింది. సున్నకు దిగువ 2 డిగ్రీల వద్ద పలుచని షడ్భుజ పలకలు, 5 డిగ్రీల వద్ద సూదులు, స్తంభాలు, 15 డిగ్రీల వద్ద ఆకుల వలె కొమ్మలు చాచిన నక్షత్రాలు ఏర్పడతాయి. తేమ ఎక్కువైన కొద్దీ కొమ్మల అల్లిక పెరుగుతుంది. తక్కువైతే రూపం సాదాగా ఉంటుంది. కనుక నేలకు రాలిన స్ఫటికం తాను పుట్టి పెరిగిన మేఘంలోని చలినీ తేమనూ తన రూపంతోనే తెలుపుతుంది. ఈ సంబంధాన్ని చూపే పటం నేటికీ ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నది.

విజయం లభించిన కొద్దికాలానికే నకాయా వ్యాధిగ్రస్తులై, ప్రయోగశాలకు దూరంగా ఇతో పట్టణంలో విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. సహచరులు ప్రయోగాలను కొనసాగించారు. ఆయన మాత్రం సామాన్యులకు మంచు శాస్త్రాన్ని వివరిస్తూ ‘యుకి’ అనే గ్రంథాన్ని 1938లో వెలువరించారు. ఆయన ఆంగ్ల గ్రంథాన్ని 1954లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రచురించింది. చివరి సంవత్సరాలలో గ్రీన్‌లాండ్ మంచును పరిశోధించిన నకాయా 1962 ఏప్రిల్ 11న పరమపదించారు. ఆయన జన్మస్థలంలో 1994లో స్మారక ప్రదర్శనశాల వెలసింది.

ఉష్ణోగ్రతను బట్టి పలకలు స్తంభాలుగా, స్తంభాలు మరల పలకలుగా ఎందుకు మారుతాయన్న ప్రశ్నపై శాస్త్రజ్ఞులు నేటికీ కృషి చేస్తూనే ఉన్నారు. మన నేలపై కురిసే ఉరుముల వానలో కూడా ఎన్నో చినుకులు పైన మంచు తునకలుగా పుట్టి, కిందికి వస్తూ కరిగినవే. వజ్రం తరతరాలు నిలుస్తుంది. మంచుపువ్వు క్షణంలో కరిగిపోతుంది. కరిగేలోగా అది చెప్పే మాటను వినగలిగినవాడు నకాయా.